మొహం తిప్పే మునసబు

1. సోమవారం

ముసలి కుక్కను తెచ్చుకున్నాం. పేరు మునసబు. మేం పెట్టింది కాదు, వస్తూ వస్తూ తనే తెచ్చుకున్నాడు. గోధుమ రంగు, వాలిపోయిన ఎడమ చెవి, మూతి చుట్టూ నెరసిన వెంట్రుకలు. మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు మొరాయిస్తాయి. నడకలో మాత్రం పేరుకు తగ్గ దర్జా ఉంది.

నీళ్ల ట్యాంకు దగ్గర ఏళ్ల తరబడి లాగ్ బుక్కు రాస్తున్న చెయ్యి నాది. ఇంట్లో సంగతులు కూడా రాసుకోకపోతే తోచదు. రాసుకునేటప్పుడు నిజం రాసుకోవడానికి సిగ్గెందుకు? కుక్క మీద ప్రేమ పొంగిపొర్లి నేను కుక్కల ఆశ్రయానికి వెళ్లలేదు. నాకు కావలసింది నా పొయ్యి. మా పాత కుక్క చంద్రి చచ్చిపోయిన రోజే ముక్కుల ఆఫీసు వాళ్లు వచ్చి పొయ్యికి సీలు వేసి పోయారు. వాసన చూసే కుక్కే ఇంటికి ముక్కు, ముక్కు లేని ఇంట్లో వంట చేయకూడదు కదా. అప్పటి నుంచి రెండు పూటలా వార్డు మెస్సులో ఆ నీళ్ల పప్పే. పడుచు కుక్క కావాలంటే నాలుగేళ్లు వరసలో ఉండాలట. ముసలివైతే అడిగిన పూటే ఇస్తారు.

ఆశ్రయం నడిపే జైబున్నీసా నాకు ఎప్పటి నుంచో తెలిసిన మనిషి. దాచకుండా చెప్పేసింది.

“తాయారక్కా, వీణ్ని ఇప్పటికే రెండిళ్లవాళ్లు తెచ్చి తిరిగిచ్చేశారు. ఏం వండిపెట్టినా మొహం తిప్పేసుకుంటాడంట. ఇక్కడ డబ్బాల పరీక్షలో మాత్రం ఎప్పుడూ తప్పలేదు. పాడైన డబ్బా ఏదో టక్కున చెప్పేస్తాడు. ఎక్కడ తేడా కొడుతుందో నాకే అర్థం కావట్లేదు. మూడోసారి గానీ వచ్చాడంటే ఇక నా చేతుల్లో ఉండదక్కా. సూదే.”

కాస్త ఆలోచించి చెబుతామని నేను అనేలోపే మా ఆయన నేల మీద చతికిలబడ్డారు. కుక్క గడ్డం ఆయన మోకాలి మీదికి చేరిపోయింది. “మనం తిరిగివ్వంలే తాయారూ” అన్నారు. ఆ మాట ఇచ్చేముందు నా వైపు ఒక్కసారి చూడొచ్చు కదా!

మధ్యాహ్నం సీలు తీశారు. దోసకాయ పప్పు చేసి, చల్ల మిరపకాయలు, గుమ్మడి వడియాలు వేయించాను. ఆ జలుబు వచ్చి మనుషుల ముక్కులన్నీ చచ్చుబడ్డాక మిగిలిన రుచి పులుపూ కారమూ కరకరలే కాబట్టి, వడియం లేకుండా ఈ వార్డులో ఎవరికీ ముద్ద దిగదు. ఇంగువ ఇప్పుడు మందుల కొట్లో తప్ప దొరకదు. కరివేపాకు మాత్రం పచ్చగా కనిపిస్తుందని ఇంకా వేస్తున్నాను.

వడ్డించి, కూర్చుని, కంచం మునసబు ముందుకు జరిపాం. వాడు చూస్తూ ఉంటే తినొచ్చు, మొహం తిప్పితే పారబోయాలి. వచ్చాడు. వంగి వాసన చూశాడు. గోడ వైపు మొహం తిప్పేసుకున్నాడు.

అంత పప్పూ పారబోశాను.

2. గురువారం

మొహం తిప్పడం ఆపలేదు. బియ్యం మార్చాను, తిప్పాడు. ట్యాంకు నుంచి నేనే స్వయంగా నీళ్లు పట్టి తెచ్చి వండాను, తిప్పాడు. గిన్నెలన్నీ చింతపండు పెట్టి తోమాను. ఉత్త అన్నం, ఉప్పు పెట్టాను. దానికీ తిప్పాడు. వాడి రాగి సంకటి మాత్రం మూలకెళ్లి చుక్క మిగల్చకుండా నాకేస్తాడు.

నిన్న బీరకాయ కూర పోసేసి వస్తుంటే పక్కింటి సీతాలు గుమ్మంలో నిలబడి ఉంది.

“మళ్లీనా వదినా? మీ ఇంట్లో ఏదో పట్టుకున్నట్టుందే. గోడల్లోకి గానీ దిగిందేమో చూయించుకోండి.”

నిన్నటి దాకా మా కుళాయి దగ్గర బిందె నింపుకున్న మనిషి ఇవాళ నాలుగిళ్ల అవతలికి వెళ్లింది. నేను కోపిష్టిదాన్నని అందరికీ తెలుసు. ముక్కు పనిచేయకపోయినా కోపం మాత్రం దాని మీదే ఉంటుందని మా ఆయన ఆటపట్టిస్తారు. అయినా సీతాలుతో ఏమీ అనలేకపోయాను. మా ఇంట్లో నిజంగానే ఏదో ఉందేమోనని నాకూ భయంగా ఉంది. చేతులు మూతి దగ్గర పెట్టుకుని గాలి పీల్చి చూశాను. ఏం తెలుస్తుంది నా మొహం!

మా ఆయన ప్యాంటుకు బెల్టు ఇంకో రంధ్రం లోపలికి పోయింది. మెస్సుకు పోదామంటే, పొయ్యి ఉన్న ఇంటివాళ్లకు అక్కడ ప్లేటు పెట్టరు. అటుకులు నీళ్లలో నానబెట్టుకుని గడుపుతున్నాం.

3. శనివారం

ముక్కుల ఆఫీసు నుంచి ఆదిశేషు వచ్చాడు. సన్నటి మనిషి, మాట మాత్రం మెత్తన. ఇల్లంతా గోకి, తుడిచి, గాజు సీసాల్లో పెట్టుకుని పోయాడు. సాయంత్రానికి మళ్లీ వచ్చి, ఇంట్లో ఏ దోషమూ లేదన్నాడు. ప్రాణం లేచొచ్చింది కానీ ఆయన మాట ఇంకా అయిపోలేదు.

“ఇంట్లో లేదంటే కుక్కలో ఉన్నట్టేగదమ్మా. శుక్రవారం భోజనం వేళకొస్తాను. నా ఎదురుగా మీరు వడ్డించుకుని కూర్చోండి. అప్పుడూ తిప్పాడంటే తప్పుడు ముక్కని రాసేసి నాతో తీసుకుపోతాను.”

“ఎక్కడికి?” అన్నారు మా ఆయన, తెలిసీ.

ఆదిశేషు మాట మార్చాడు. “ఈలోపు ఆకలేస్తోందని వాడు వద్దన్నది మాత్రం తినకండి. అయిదో వీధిలో ఒకళ్లు అలాగే కక్కుర్తిపడ్డారు. ముక్కు మాట కాదని తిన్న ఇల్లని పొయ్యి కనెక్షను పీకేశారు. ఇక జన్మలో ఇవ్వరు.”

ఆదిశేషు వెళ్లాక మునసబు మా ఆయన చెప్పుల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఆయన వంగి వాడి వాలిన చెవి సవరిస్తూ కూర్చున్నారు. ఇద్దరి మీదా నాకు ఒళ్లు మండింది.

4. ఆదివారం

ఇవాళ నేను చేసిన పని రాస్తే నా మీద నాకే అసహ్యంగా ఉంది. గుత్తివంకాయ చేశాను. నూనె తేలి, చూడ్డానికే నోరూరుతోంది. మునసబు యథాప్రకారం గోడ వైపు తిరిగాడు. అంతే, నాకు పూనకం వచ్చినట్టయింది. వాడి దవడలు రెండూ పట్టుకుని బలవంతంగా కంచం వైపు తిప్పాను. “చూడరా! ఏం దోషముందో చెప్పు నాకు!” అని అరిచాను.

వాడు కరవలేదు. గింజుకోలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“వదిలెయ్ తాయారూ, వాడు వణుకుతున్నాడు” అన్నారు మా ఆయన.

వదిలేశాను. చేతులు కడుక్కుంటుంటే ఆ మూసుకున్న కళ్లే కనిపిస్తున్నాయి. వాసన నచ్చకపోతే ముక్కు ముడుచుకోవాలి, వెనక్కి పోవాలి. కళ్లు మూసుకోవడం దేనికి? కళ్లతో వాసన చూడరు కదా. ముక్కు ఎలా పనిచేస్తుందో మరిచిపోయిన మనుషులం కాబట్టి ఇన్నాళ్లూ ఆ చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

గుత్తివంకాయ గిన్నెను వంటింట్లో కింద పెట్టి, ఇద్దరం బయటికి పోయి కిటికీలోంచి చూశాం. మునసబు వచ్చి గిన్నె చుట్టూ వాసన చూసి, దానికి ఎదురుగా కూర్చుని, నాలుక బయట పెట్టి దాన్నే చూస్తున్నాడు. మంచి ముక్కులు చేసేది అచ్చం అదే. మేం లోపలికి వచ్చి కంచాల ముందు కూర్చోగానే మొహం పక్కకు పోయింది. మా ఆయన లేచి నిలబడ్డారు, మొహం ఇటు వచ్చింది. కూర్చున్నారు, అటు పోయింది.

మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడు వద్దన్నది కూరను కాదు, తినేవాళ్లను చూడటాన్ని. ఎందుకు వద్దనుకుంటున్నాడో మాత్రం అర్థం కాలేదు. వంకాయ మళ్లీ పారబోశాను. పక్కింటి కిటికీలో సీతాలు ఉంది మరి.

5. సోమవారం

మెస్సు మీదుగా మునసబును నడిపించుకుని వెళ్తున్నాను. వాడు కుంటుతూ వెనకబడితే “మునసబూ, నడవరా” అని కేకేశాను. మెస్సులో పప్పు వడ్డించే మరిడమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చేసింది.

“మునసబా! ఓరి నాయనో, నువ్వు బతికే ఉన్నావేంట్రా!” అని వాడి మెడ వాటేసుకుంది. వాడి తోక నేలకేసి కొట్టుకున్న తీరు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

వాడు మరిడమ్మ అక్క బుల్లెమ్మ పెంచిన కుక్కట. గోదాట్లో లంక మీద ఉండేవాళ్లు. ఈ వార్డులూ ఆఫీసులూ అక్కడ లేవు, ఎవరి కుక్కకు వాళ్లే నేర్పుకునేవాళ్లు. వరద వచ్చి లంక ఖాళీ చేయిస్తే బుల్లెమ్మ పడవ ఎక్కింది కానీ ఈ గట్టుకు చేరకుండానే పోయింది.

“మీ అక్క వీడికేం నేర్పింది? మేం తింటుంటే మొహం తిప్పేసుకుంటున్నాడు” అని అడిగాను.

“తిప్పడా మరి! మా అక్కకి దిట్టి భయం సానా ఎక్కువండి. తినేవోళ్ల కంచంలోకి సూత్తే కడుపులో నొప్పొత్తాదని మనుసుల్నే తిట్టేది, కుక్కనొదుల్తాదా? కంచం ఎట్టగానే ‘మునసబూ, మొహం’ అనేది. ఆడు ఠక్కుమని తిప్పేసుకునేవోడు. మనం సెయ్యి కడుక్కునేదాకా ఇటు సూడ్డండి. ఎంత మర్యాదండి ఆడికి!”

“మరి కూర పాడైతే ఎలా తెలిసేది?”

“కుండ కాడే సెప్పేసేవోడండి. పాడైందాన్ని కంచం దాకా రానిత్తే కదా.”

దిష్టి! మా నాయనమ్మ కూడా తినేవాళ్ల వంక చూడకే అని నా నెత్తి మీద మొట్టేది. ఇప్పుడు ఆ మాట ఎవరంటారు? కంచం వైపు కళ్లప్పగించి చూసేదాన్నే మంచి ముక్కని మెచ్చుకుంటున్నాం. రెండిళ్లవాళ్లు తిట్టి తరిమేసినా, నేను దవడ పట్టుకుని వంచినా, వాడు మాకు కడుపునొప్పి రాకూడదని చూపు తిప్పుకున్నాడు.

అక్కడి నుంచే ముక్కుల ఆఫీసుకు వెళ్లి ఆదిశేషుకు అంతా చెప్పాను. గిన్నె దగ్గర పరీక్ష పెట్టమని బతిమాలాను.

“నాకర్థమైందమ్మా. కానీ కుండలో బాగున్నది కంచంలో పాడవదా? గరిటెకేం అంటిందో, కంచానికేం అంటిందో కుండకు తెలుస్తుందా? వడ్డించాకే చూడాలి, అది అందరికీ ఒకటే. శుక్రవారం వస్తాను.”

6. బుధవారం

చచ్చిపోయిన మనిషి నేర్పిన మర్యాదను మాన్పిస్తున్నాను. మరో దారి లేదు.

నేర్పే పద్ధతి నేనే కనిపెట్టాను. వడ్డించుకుని కూర్చుంటాను. “చూడరా” అంటాను. ఓరగా ఇటు కన్ను వేస్తే చాలు, నా కంచంలోంచి ఒక ముద్ద వాడి నోట్లో పెడతాను. మొదట్లో వాడికి ఏం పాలుపోలేదు. గోడ వైపు చూసి, నా వైపు చూసి, మూలిగాడు. నిన్న సాయంత్రానికి తల సగం తిరిగింది. ఇవాళ పొద్దున పూర్తిగా తిరిగింది.

మా ఆయనకు ఇది నచ్చలేదు. “పాపం, వాడికి తెలిసిన మంచి అంతా అదొక్కటే కదే” అన్నారు.

“మంచి పట్టుకుని సూది వేయించుకుంటాడా?” అన్నాను.

7. శుక్రవారం

గెలిచాం!

ఆదిశేషు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వడ్డించేటప్పుడు పప్పు సగం కంచం బయట పడింది. మునసబు వచ్చి, వాసన చూసి, కంచానికి ఎదురుగా బాసింపట్టు వేసుకున్నట్టు కూర్చుని, రెప్ప వేయకుండా చూశాడు. చొంగ కూడా కార్చాడు.

“మంచి ముక్కేనమ్మా” అన్నాడు ఆదిశేషు, వాడి మెడలో బిళ్ల కట్టి. నా చేతి పప్పు కొంచెం తిని వెళ్లమంటే తిన్నాడు.

సీతాలు బిందె పట్టుకుని మళ్లీ మా కుళాయికే వచ్చింది. ఏమీ ఎరగనట్టు నవ్వింది. నేనూ నవ్వాను. కడుపు నిండితే ఎవరి మీదైనా కోపం నిలుస్తుందా? మా ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు.

8. ఆదివారం, మృగశిర వానలు

చాలా రోజులుగా రాయలేదు. రాయడానికేముంది, వండుకోవడం, తినడం, ముద్ద కోసం మునసబు కంచానికి అతుక్కుపోవడం. వాడు ఒళ్లు చేశాడు. ఆయనా చేశారు.

ఇవాళ ఆయన వానలో తడుస్తూ వెళ్లి రొయ్యలు తెచ్చారు. వేపుడు చేశాను. నాకు ట్యాంకు దగ్గర డ్యూటీ ఉంది, వచ్చి తింటానని ఆయనకు ఒక్కరికే వడ్డించాను. మునసబు కంచం దగ్గరికి వచ్చాడు. వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. తలెత్తి నా వంక చూశాడు. “చూడరా” అన్నాను, అలవాటుగా, గొడుగు వెతుక్కుంటూ. వాడు మళ్లీ ముందుకు వచ్చి కంచం వైపు చూశాడు. ముద్ద పెట్టాను. నోట కరచుకుని తలుపు వెనక్కి పోయాడు.

ఆ వెనక్కి వేసిన అడుగు సంగతి డ్యూటీకి నడుస్తుండగా గుర్తొచ్చి, ఇక్కడ ట్యాంకు దగ్గరే రాసుకుంటున్నాను. కాళ్ల నొప్పేమో అనుకున్నాను.

9. మంగళవారం

ఆయన బతికారు. డాక్టరు ఇవాళే ఆ మాట అంది. సెలైను ఇంకా ఎక్కుతూనే ఉంది, కళ్లు లోతుకు పోయాయి, గొంతు పెగలడం లేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన వంటింటి గడప మీద పడి ఉన్నారు. మునసబు వీధి తలుపును గోళ్లతో గీరి గీరి రక్తం కార్చుకున్నాడు.

బట్టల కోసం నిన్న ఇంటికి వెళ్లాను. తలుపు వెనక ఆ ముద్ద ఉంది. చీమలు పట్టి, పెట్టింది పెట్టినట్టుగా ఉంది. వాడు మింగలేదు, కొరకనైనా కొరకలేదు. నేను చూడమన్నానని చూశాడు, తినమన్నానని నోట్లో పెట్టుకున్నాడు, పాడైందని తెలిసి మాటు చూసి ఊసేశాడు. వాడి ముక్కులో లోపం లేదు. పాడైంది వచ్చినప్పుడు వద్దని చెప్పడానికి వాడికి ఒక్క దారీ మిగల్చకుండా చేసింది నేనే. మంచిదైనా చెడ్డదైనా చూస్తే ముద్ద అని నేర్పాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. నా మొగుణ్ని నా చేత్తోనే చంపుకోబోయానని ఏడ్చాను.

మధ్యాహ్నం ఆదిశేషు ఆసుపత్రికి వచ్చాడు. మునసబు గది తలుపు బయట ఉన్నాడు, లోపలికి రానివ్వలేదు. ఆదిశేషు వాణ్ని దాటుకుని వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

“ఒక్క మాట చెప్పండమ్మా. కంచం పెట్టినప్పుడు చూశాడా, వద్దన్నాడా?”

చూశాడంటే తప్పుడు ముక్కు, ఇవాళే సూది. వద్దన్నాడంటే ముక్కు మాట కాదని తిన్న ఇల్లు, పొయ్యి పోతుంది. తిండి కోసం అంతగా అల్లాడే మనిషి మంచం మీద పడి ఉన్నాడు. ఆయన వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నారు. ఆయన కోసమైనా పొయ్యి నిలబెట్టుకోవాలి అనిపించింది. అనిపించలేదని రాస్తే అబద్ధం.

“వద్దన్నాడండి. మేమే వినలేదు” అన్నాను.

అది అబద్ధమో నిజమో నాకే తెలియదు.

“కక్కుర్తిపడ్డామండి” అన్నారు మా ఆయన గొంతు పెగల్చుకుని. రెండు రోజుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

ఆదిశేషు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నమ్మాడని నేను అనుకోను. “జన్మలో మళ్లీ మీకు పొయ్యి ఇవ్వరు. తెలుసు కదా?”

“తెలుసండి.”

“వీడి బిళ్ల కూడా తీసేసుకోవాలి. మీ ఇంటి ముక్కు కాదిక.”

“తీసుకోండి.”

ఆదిశేషు బయటికి వెళ్లి, వంగి, మునసబు మెడలోంచి బిళ్ల విప్పాడు. వాడు మెడ చాచి ఇచ్చాడు. నేనూ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆదిశేషుకు నిజంగానే అర్థం కాలేదు, మొహం చూస్తే తెలుస్తోంది. మా వార్డులో పని లేని కుక్కను సాకిన ఇల్లు ఒక్కటి కూడా లేదు.

“పొయ్యే లేనప్పుడు, ఈ వయసు కుక్కతో మీకేం పనమ్మా? ఆశ్రయానికి చేర్చమంటారా?”

వాడు వండిపెట్టడు, మోయడు, ఇక మాకు ఏదీ చెప్పడు.

“పనేం లేదండి” అన్నాను. “మావాడు, అంతే.”

మెస్సు వేళయింది. వాడు వెనక కాళ్లు కూడదీసుకుని లేచేదాకా ఆగి, ఇద్దరం నడిచాం.